చలువ చుక్కలు

రాహేలమ్మ కుడికంట్లో మిరపగింజ ఇరుక్కుని మూడు రోజులైంది. ఆ సంగతి ఆమెకు తెలియదు.

ఆదివారం ప్రార్థన ముగించుకుని ఇంటికొచ్చి, గుమ్మం పక్కన పీట వేసుకుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఎదురుగా కూతురు కెజియా. పాస్టరుగారి భార్య కట్టుకొచ్చిన కొత్త చీర గురించి తల్లి వర్ణిస్తుంటే నవ్వుతూ వింటున్న కెజియా ఉన్నట్టుండి నవ్వు ఆపేసింది.

"అమ్మా, ఇటు తిరుగు. కంట్లో ఏంటది?"

"ఏముంది? ఏం లేదే."

"ఎర్రగా ఉంది."

"మిరపకాయల్లో పనిచేసేదాని కళ్ళు తెల్లగా ఎట్టా ఉంటయ్యే? కాటుక పెట్టుకునే ఉద్యోగమా నాది?"

కెజియా ఫోన్‌లో లైటు వేసి తల్లి పైరెప్ప ఎత్తి చూసింది. రెప్ప అడుగున పసుప్పచ్చటి గింజ, బల్లపరుపుగా అతుక్కుని ఉంది. దాని కింద నల్లగుడ్డు మీద ఉండే గాజుపొర గీసుకుపోయి, పప్పుబద్దంత మేర తెల్లగా మసకబారింది.

ఆమె తడిబట్ట కొసతో గింజను తీసింది. కంటి మీద బట్ట రాసుకుంది కూడా. రాహేలమ్మ రెప్ప వేయలేదు. "అంచు మాత్రం ముదర ఆకుపచ్చే" అంటూ చీర సంగతి కొనసాగించింది.

కెజియా తడిబట్ట పక్కన పెట్టింది. ఈ కన్ను ఎందుకు రెప్ప వేయలేదో ఈ ఊళ్ళో చెప్పగలిగినది ఆమె ఒక్కతే. ఆ పని చేసింది ఆమే.

* * *

గుంటూరు శివార్లలో శీతల గిడ్డంగుల పక్కన రేకుల షెడ్లుంటాయి. వాటిల్లో ఆడవాళ్ళు వరసల్లో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తారు. రాహేలమ్మ పన్నెండో ఏట కూర్చుంది, యాభై నాలుగో ఏడు నడుస్తున్నా లేవలేదు. కెజియా చిన్నప్పుడు బడి వదలగానే నేరుగా అక్కడికే వెళ్ళేది. తల్లి పక్కన కూర్చోగానే తుమ్ములు, కళ్ళవెంట నీళ్ళు. తుడుచుకోబోతే రాహేలమ్మ చెయ్యి లాగేసేది.

"వేళ్ళతో కాదే! జబ్బతో తుడుచుకో, జబ్బతో."

షెడ్డులో పనిచేసే ఏ ఆడదీ కంటికి వేలు తాకించదు. భుజం ఎత్తి, ముఖం వంచి, రవిక చేతికి కన్ను రాసుకుంటుంది. పెళ్ళిలో ఏడ్చినా, చావింట్లో ఏడ్చినా అంతే. ఎవరూ నేర్పనక్కర్లేదు. ఒక్కసారి వేలు పెడితే మంటే నేర్పుతుంది.

ఇంటికొచ్చాక తల్లి దగ్గుతుంటే వింటూ పెరిగిన పిల్ల కెజియా. పెద్దయ్యాక నరాల మీద పరిశోధన చేసింది. హైదరాబాదులో డాక్టరేటు చేతికి రాగానే తిరిగి గుంటూరే వచ్చింది. మిర్చి ఎగుమతి చేసే సుదర్శనం గారు తన గిడ్డంగుల పక్కనే ఒక ల్యాబు కట్టించి అప్పగించారు. నాలుగేళ్ళ తర్వాత అందులోంచి ఒక మందు బయటికొచ్చింది. ముక్కులో వేసుకునే చుక్కలు.

షెడ్డులో మొదటిరోజు కెజియా సీసా పైకెత్తి చూపిస్తూ చెప్పింది:

"ముక్కులో రెండు రకాల నరాలున్నయ్. పైకప్పు దగ్గరుండేది వాసన చెప్పిద్ది. మల్లెపూలు, చేపలకూర, పేడ, అన్నీ దానికే తెలుసు. రెండోదాన్ని ఐదో నరం అంటారు. దానికి వాసన తెలీదు. మంట ఒక్కటే తెలుసు. మిరప ఘాటు తగలంగానే నిప్పంటుకుందని కేకలేసిద్ది. అక్కడ నిప్పు లేదు, అయినా అరిచిద్ది. అందుకే మీకు తుమ్ములు, దగ్గు. ఈ చుక్కలు దాని నోరు మూయిస్తయ్."

ముందు వరసలోంచి సుగుణ లేచింది. ఇరవై ఆరేళ్ళ మనిషి, మాట పడదు.

"కెజియక్కా, మా అత్తకు రెండు చుక్కలియ్యవా?"

షెడ్డంతా నవ్వింది. నవ్వుతూనే నలభై మంది మందు పరీక్షకు పేర్లిచ్చారు. మొదటి పేరు రాహేలమ్మది. "నా కూతురు చేసిన మందు నేనేసుకోకపోతే ఎవరేసుకుంటారే?" అని ఆమె అందరినీ గదమాయించింది.

వారానికల్లా తుమ్ములు ఆగిపోయాయి. రెండో వారానికి దగ్గు పోయింది. ఆడవాళ్ళు వాటికి చలువ చుక్కలని పేరు పెట్టుకున్నారు. రోజూ సాయంత్రం గేటు దగ్గర గుమస్తా కాగితాలు పట్టుకుని కూర్చునేవాడు. కాగితం మీద ప్రశ్నలన్నీ కెజియా స్వయంగా రాసినవే. ముక్కు మండుతోందా? కళ్ళు మండుతున్నాయా? నొప్పి ఉందా? దురద ఉందా? నీళ్ళు కారుతున్నాయా?

లేదు, లేదు, లేదు, లేదు, లేదు.

తొంభై రోజులు ఒకే జవాబు. కెజియా ఆ కాగితాలు చూసుకుని మురిసిపోయింది.

* * *

సోమవారం ఉదయం కంటి ఆసుపత్రిలో డాక్టర్ నజీమా ఒక దూది పింజను సన్నగా పురిపెట్టి, రాహేలమ్మకు కనబడకుండా పక్కనుంచి తెచ్చి గాజుపొరకు తాకించింది. కుడికన్ను కదల్లేదు. ఎడమకన్ను చూసింది. అదీ కదల్లేదు.

"ఈ మధ్య కారం తెలుస్తోందామ్మా?" అని అడిగింది.

"ఈ ఏడు కాయల్లో పస లేదమ్మా. ఎంతేసినా చప్పగానే ఉంటంది."

కెజియా కళ్ళు మూసుకుంది. నెల రోజులుగా అమ్మ వండిన కూర నోట్లో పెట్టుకోవడం, చెంబుడు నీళ్ళు తాగడం, "కారానికి నీ చెయ్యి జారుతందే" అని వేళాకోళం చేయడం. మందు ముక్కులో ఆగలేదని వంటిల్లు నెల్లాళ్ళుగా చెబుతూనే ఉంది.

నజీమా ఆమెను పక్కగదిలోకి పిలిచింది. గోడమీద ముఖం నరాల పటం ఉంది. చెవి ముందు ఒక ముడి, దాన్నుంచి మూడు కొమ్మలు. పై కొమ్మ కంటికి, నడిమిది పైదవడకు, కిందిది నాలుక్కీ కిందిదవడకూ.

"ముక్కు లోపలికి వెళ్ళే రెమ్మా, గాజుపొరకు వెళ్ళే రెమ్మా ఒకే కొమ్మవి. నీకు తెలియనిది కాదు."

"మందు వెనక్కి పాకుతుందనుకోలేదు. ఎలకల్లో పాకలేదు."

"ఎలకలకు ఎన్నాళ్ళు వేశావు?"

"రెండు వారాలు."

"వీళ్ళకి?"

"తొంభై రోజులు."

"వెనక్కి పాకి ముడి దాకా వచ్చింది. అక్కణ్నుంచి మూడు కొమ్మల్లోకీ దిగింది" అంది నజీమా. "మంట తెలియకపోవడం సగమే కెజియా. గాజుపొరలో రక్తం ఉండదు. మంట మోసే ఆ నరమే దానికి అన్నం పెడుతుంది. నరం నిద్రపోతే పొర పస్తుంటుంది. గీత పడితే మానదు. పైగా రెప్ప వేయమని చెప్పేదీ, కన్నీళ్ళు తెప్పించేదీ అదే."

"తగ్గుతుందా?"

"చుక్కలు ఈ క్షణం ఆపు. నరం మేలుకుంటే తగ్గుతుంది. మేలుకుందని మనకెలా తెలుస్తుందో చెప్పనా? కన్ను మండాలి."

* * *

సుదర్శనం గారు ఆమె చెప్పిందంతా విన్నారు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు తగల్లేదు. తర్వాత అలమరాలోంచి ఫైలు తీసి బల్లమీద పెట్టారు.

"నలభై మంది. తొంభై రోజులు. మూడువేల ఆరువందల కాగితాలు. ఒక్కదాంట్లో 'ఉంది' అని చూపించమ్మా."

"చూపించలేనండీ. మంట తెలిపే నరాన్నే నిద్రపుచ్చి, మంట ఉందా అని అడిగాను. కాపలావాణ్ని మత్తులో పడేసి, దొంగొచ్చాడా అని వాడినే అడిగినట్టు. ప్రశ్నే తప్పు."

"ప్రశ్న రాసిందెవరు?"

"నేనే."

"మరి?" ఆయన గొంతులో కోపం లేదు. "మందుకు అనుమతి కోసం ఫైలు మొన్ననే పంపించాం. కింద నీ సంతకం ఉంది. మీ అమ్మగారి కన్ను చూస్తే నాకూ బాధగానే ఉంది. ఖర్చంతా నేను చూసుకుంటా. కానీ మిరప షెడ్డులో ఎర్ర కళ్ళు కొత్తా? నలభై ఏళ్ళనుంచి దగ్గీ దగ్గీ చచ్చిన ఆడవాళ్ళను చూశా. మొట్టమొదటిసారి వాళ్ళు హాయిగా ఊపిరి పీలుస్తున్నారు. నువ్వే వెళ్ళి చెప్పు, చుక్కలు ఆపేస్తున్నామని. వాళ్ళొప్పుకుంటే నేనూ ఒప్పుకుంటా."

ఆయన అంత ధీమాగా ఎందుకన్నాడో ఆమెకు షెడ్డు తలుపు తీశాక అర్థమైంది.

లోపల బాగా ఘాటుండే తేజ రకం కాయలు మోకాలెత్తు పోసి ఉన్నాయి. ఎర్రటి దుమ్ము గాలిలో తేలుతోంది. రెండడుగులు వేసేసరికి కెజియాకు గొంతు పట్టేసింది. తుమ్ములు, దగ్గు, కళ్ళ నిండా నీళ్ళు. నీళ్ళలోంచే చూసింది. వరసల్లో కూర్చున్న ఆడవాళ్ళందరూ తలలెత్తి ఆమెనే చూస్తున్నారు. ఆ దుమ్ములో అన్ని కళ్ళు బార్లా తెరుచుకుని ఉన్నాయి. ఒక్క రెప్పా పడటం లేదు.

"డాక్టరమ్మకు ఘాటెక్కింది!" ఎవరో అరిచారు. "వైద్యం చేసేదానివి, నువ్వు ఏసుకోలేదా అమ్మా చుక్కలు?"

నవ్వులు. సుగుణ అందరికంటే ఎక్కువ నవ్వింది. నవ్వీ నవ్వీ కన్ను చెమ్మగిల్లినట్టనిపించిందేమో, కుడిచేతి రెండు వేళ్ళతో కన్ను నులుముకుంది.

కెజియా పరుగున వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఏందక్కా?"

"ఏ చేత్తో తుడుచుకున్నావు?"

సుగుణ తన వేళ్ళ వంక చూసుకుంది. గోళ్ళ మొదళ్ళదాకా ఎర్రటి పొడి. చుట్టుపక్కల నవ్వు ఆగింది.

"మండలేదుగా" అంది పక్కనున్న దీనమ్మ. షెడ్డులో అందరికంటే పెద్దది.

"అదే దీనమ్మత్తా! మండాలి. మండకపోతే కన్ను పోయిద్ది. మా అమ్మ కంట్లో మూడు రోజులు గింజుంది, తెలీలా. ఈ చుక్కలు ఇంక వేసుకోవద్దు."

దీనమ్మ చేతిలో కాయ తొడిమ తుంచి గంపలో వేసింది.

"చిన్నప్పుడు నీకు ముక్కు కారితే తుడిచిందాన్ని, చెప్తన్నా ఇను. నా మొగుడు నా దగ్గుకి భరించలేక అరుగు మీద పడుకునేవోడు. ఇరవై ఏళ్ళు. మొన్న లోపలికొచ్చి పడుకున్నాడు. ఇప్పుడు నువ్వొచ్చి మంట కావాలంటన్నావు. సరే. ఆ మంట తిరిగొస్తే ఇక్కడ కూకుని తొడిమలు నువ్వు తీస్తావా?"

ఆ ప్రశ్న కెజియా కాగితంలో లేదు.

రెండు రోజులు బతిమాలి పదిహేడు మందిని నజీమా దగ్గరికి తీసుకెళ్ళగలిగింది. పదకొండు మందికి కళ్ళలో స్పర్శ లేదు. వాళ్ళలో చుక్కలు మానేస్తామన్నది ఆరుగురు. సుగుణ ఒకతి. మిగతావాళ్ళు మానలేదు. అనుమతి కార్యాలయానికి కెజియా ఉత్తరం రాసింది: నా పరీక్ష తప్పు, నా ప్రశ్నలు తప్పు, నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను. పదిరోజులకు జవాబొచ్చింది. దాఖలైన కాగితాల్లో ఎటువంటి ఫిర్యాదూ కనిపించనందున, కొత్త ఆధారాలు నిర్ణీత పత్రంలో సమర్పించగలరు. నిర్ణీత పత్రం జతచేశారు. అందులో మొదటి ప్రశ్న: మంట ఉందా?

ల్యాబు తాళంచెవులు ఆమె అప్పటికే ఇచ్చేసింది.

* * *

గింజ తీసిన తొమ్మిదో రోజున రాహేలమ్మ కుడికన్ను పోయింది. పుండు లోతుకు దిగి గాజుపొర చిల్లుపడింది. అప్పుడూ ఆమెకు నొప్పి లేదు. పొద్దున్నే లేచి, "దిండు తడిసింది, కప్పు కారిందేమో చూడవే" అంది.

ఎడమకంట్లో అప్పటికి రెండు సన్నటి గీతలే ఉన్నాయి. నజీమా కెజియాకూ రాహేలమ్మకూ కలిపే చెప్పింది.

"మూడు వారాలు చూద్దాం. ఈలోగా స్పర్శ వస్తే కన్ను దక్కినట్టే. రాకపోతే రెప్పలు కలిపి కుట్టేయాలి. మధ్యలో సన్నటి సందు వదులుతా. మూసి ఉంటే పొర ఎండిపోకుండా ఉంటుంది."

"కుట్టేస్తే ఎట్టా కనపడుద్దమ్మా?"

"పగలో రాత్రో తెలుస్తుంది. మనిషి అడ్డం వస్తే తెలుస్తుంది."

రాహేలమ్మ ఆసుపత్రిలో ఏమీ అనలేదు. ఆటో ఎక్కాక అంది: "శవానికి మూసినట్టు మూస్తారంటనే? చూపుండంగానే?"

ఆరోజునుంచి రోజూ పదింటికి కెజియా దూది పురిపెట్టేది. "కదలకమ్మా" అనేది. పక్కనుంచి తెచ్చి తాకించేది. కన్ను అలాగే తెరుచుకుని ఉండేది. "తాకిందా?" "లే." నోటుపుస్తకంలో తేదీ వేసి, ఎదురుగా 'లేదు' అని రాసేది. ఒకటో రోజు, ఆరో రోజు, పన్నెండో రోజు. గంటకోసారి చుక్కలు వేసేది. ఇవి వేరే చుక్కలు, తడి కోసం. రాత్రి రెప్పలకు మెత్తటి పట్టీ అంటించేది. నిద్రలో తల్లి చెయ్యి కంటిమీదికి పోతుందేమోనని ఆ చెయ్యి పట్టుకునే పడుకునేది.

పంతొమ్మిదో రోజు సుగుణ వచ్చింది. కంటికి స్పర్శ వచ్చిందో లేదో కెజియక్కతో చూపించుకుని పోదామని. రాహేలమ్మ పక్కనే కూర్చుని ఉంది. కెజియా సుగుణ కంటికి దూది తాకించింది.

"అబ్బ! చచ్చాన్రా నాయనా!"

సుగుణ పీట మీదనుంచి ఎగిరిపడింది. రెప్పలు టపటపా కొట్టుకున్నాయి. కన్నీళ్ళు జారాయి. భుజం ఎత్తి, రవిక చేతికి కన్ను రాసుకుంది. రాసుకుంటూనే ఏడ్చింది, నవ్వింది.

"మండిందక్కా! మండిందే! ఓ పిన్నీ, మండింది నాకు!"

కెజియా ఆమెను కావలించుకుంది. "చిన్నదానివి. నీ నరం తొందరగా లేచింది. అమ్మకూ వచ్చిద్ది" అంది.

రాహేలమ్మ తన ఒంటికన్నుతో సుగుణనే చూస్తోంది. "ఎట్టా ఉందే?" అని అడిగింది. "మొదట రెప్ప కొట్టుకున్నదా, మొదట మండిందా? నీళ్ళు ఎంతసేపటికొచ్చినయ్?"

సుగుణ సంతోషంలో అన్నీ విడమరచి చెప్పింది.

ఇరవై ఒకటో రోజు రాహేలమ్మ తెల్లారకముందే లేచి స్నానం చేసింది. ప్రార్థన చేసుకుంది. ఉతికిన చీర కట్టుకుని పదింటికల్లా పీట మీద సిద్ధంగా కూర్చుంది. కెజియా దూది తీసి పురిపెట్టింది.

"కదలకమ్మా."

"అబ్బ! చచ్చాన్రా నాయనా!"

రాహేలమ్మ పీట మీదనుంచి ఎగిరిపడింది. రెప్పలు టపటపా ఆడించింది. భుజం ఎత్తి కన్ను రాసుకుంది. "మండిందే కెజియా! మండింది తల్లీ! రాసుకో, పుస్తకంలో రాసుకో!"

కెజియా చెయ్యి ఇంకా తన ఒళ్ళోనే ఉంది. దూది వేళ్ళ మధ్యనే ఉంది.

"అమ్మా, నేనింకా తాకించలేదు."

రాహేలమ్మ భుజం దించింది. ఆమె రవిక చెయ్యి పొడిగానే ఉంది.

"ఐతే ఇప్పుడు తాకించు. మండుద్ది."

కెజియా ముందుకు వంగింది. ఈసారి ఏమీ అనకుండా దూది కొస గాజుపొర మీద పెట్టి, అలాగే ఉంచింది. ఒకటి, రెండు, మూడు. తల్లి కన్ను ఆమె ముఖంలో ఏదో వెతుకుతోంది, ఎప్పుడు అరవాలో తెలుసుకోవడానికి.

నాలుగు దగ్గర రాహేలమ్మ, "అబ్బ" అంది.

కెజియా దూది తీసేసింది. ఫోన్ అందుకుని నజీమా నంబరు నొక్కింది.

"స్పర్శ లేదు డాక్టర్" అంది. "లేదు. ఇప్పుడే చూశాను. రేపు కుట్టేయండి."

"ఎట్టా చెప్తన్నావే లేదని?" రాహేలమ్మ గొంతు పెద్దదైంది. "నా కన్ను. మండేది నాకు. తొంభై రోజులు లేదంటే రాసుకున్నావే, ఒక్కరోజు ఉందంటే రాసుకోవేం?"

ఫోన్‌లో నజీమా ఎన్నింటికి వస్తారని అడుగుతోంది.

"తొమ్మిదింటికి తీసుకొస్తాను" అంది కెజియా.